ముప్పయ్యో జపం

హవీసాను ఎవరూ పేరుపెట్టి పిలిచేవారు కాదు. యార్క్ పట్నంలో నది గట్టున నిలబడి "చచ్చినోళ్ళ కూడు తినేది ఎక్కడుంటుంది?" అంటే పసిపిల్లలు కూడా ఆమె గుడిసె చూపించేవారు. ఎగతాళే అయినా అబద్ధం కాదు. నల్ల అంగీల మఠంలో ఒక సన్యాసి పోతే, ముప్పై రోజులపాటు భోజనాల బల్ల మీద అతని చోట అతని వాటా వడ్డించి, ఆ ఖాళీ చోటు ముందునుంచి ఎత్తి, గేటు దగ్గర ఒక పేదకు పెట్టేవారు. తిన్నవాళ్ళు రోజుకొకసారి 'పరలోకమందున్న మా తండ్రీ' అనే జపం చెప్పాలి. ముప్పై జపాలూ పూర్తయితే ఆ ఆత్మ పాపాలు కాలే మంటల్లోంచి బయటపడి పైకి పోతుంది. వీధుల్లో అడుక్కుతిరిగే బూడిదరంగు అంగీల భిక్షువులు అంతకంటే తక్కువ జపాలతోనే పంపించేస్తామనేవారు గానీ, వాళ్ళ దగ్గర పెట్టడానికి కూడెక్కడిది!

హవీసా మొగుడు పడవ బోల్తాపడి పోయాడు. ఉన్ని వడికితే వచ్చేది కూటికి చాలేది కాదు. అందుకని ఆరుగురు సన్యాసుల వాటా తిని, ఆరుగురినీ పైకి పంపింది. ఒక్క జపం తప్పలేదు. ఆ నిష్ఠ చూసే మఠం వాళ్ళు ఆమె ఒక్కగానొక్క కొడుకు ఆస్బర్ట్‌ను లోపల చేర్చుకున్నారు. అప్పటినుంచి ఆమెకు మనశ్శాంతి పోయింది. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే మఠంలో కొయ్యపలకను టకటకా కొడతారు. ఆ చప్పుడుకు ఆమె కడుపు ఆశపడేది, గుండె జారిపోయేది.

ఒకరోజు పలక మోగింది ఆస్బర్ట్ కోసమే. మూడు రోజుల జ్వరం, అంతే.

దానాలు పంచే థర్స్టన్ అయ్యగారు గిన్నెతో గేటు దగ్గరికి వచ్చాడు. ఆమె ముఖం చూడలేక నేలచూపులు చూస్తూ, "నీకు వద్దంటే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానమ్మా" అన్నాడు.

"నా బిడ్డ కూడు పరాయోళ్ళు తినడమేంటయ్యగారూ? ఇలా తెండి" అంది హవీసా.

చిక్కుడుగింజల పులుసు, నల్ల రొట్టె. రొట్టె అంచు కాస్త గిల్లి ఉంది. ఎలుకేమో అనుకుంది. రెండోరోజూ అంతే. మూడోరోజుకి గుర్తుపట్టింది. పసితనంలో ఆస్బర్ట్ ప్రార్థన అయ్యేదాకా ఆగలేక దొంగచాటుగా రొట్టె అంచు గిల్లి నోట్లో వేసుకునేవాడు. అందుకు ఎన్ని మొట్టికాయలు తిన్నాడో లెక్కలేదు.

"అయ్యగారూ, రొట్టెని ఎవరు ముట్టుకుంటున్నారు?"

థర్స్టన్ మెడలో సిలువ తడుముకున్నాడు. "వడ్డించేది నేనే, తెచ్చేదీ నేనే. ఆ చోటు దగ్గరికి ఎవరూ రారు. ఇక అడక్కు తల్లీ."

భయపడాల్సిన మనిషి మురిసిపోయింది. గిల్లిన చోట వేలు పెట్టి చూసుకునేది. తడిగా ఉండేది. కానీ రోజులు గడిచేకొద్దీ ఆ మురిపెం దిగులైంది. ముప్పయ్యో జపం చెబితే వీడు కూడా వెళ్ళిపోతాడు. ఆరుగురిని సాగనంపిన మనిషికి కన్నకొడుకును పంపడానికి నోరు రాలేదు. ముప్పయ్యోరోజు పులుసు తాగింది, జపం మింగేసింది.

పొరుగింటి సిస్లీ పసిగట్టింది. "ఏమే, ఇవాళ నీ గొణుగుడు వినబళ్ళేదు. చెప్పావా లేదా?"

"చెబుతాలే. తొందరేముంది?"

"తొందర నీకు కాదే మొద్దూ, మంటల్లో ఉన్నోడికి!"

"నా కొడుకు, నా ఇష్టం. పోయి నీ పని చూసుకో."

మఠం కూడు ఆగిపోయింది. మర్నాడు పొద్దున హవీసా తన బార్లీ రొట్టె మీది గుడ్డ తీసి చూస్తే, అంచు గిల్లి ఉంది. "ఇంటికొచ్చావా నాయనా!" అని పైకే అంది. రెండోరోజు సగం రొట్టె లేదు. మూడోరోజు పళ్ళెమే మిగిలింది. ఆమె పస్తులుంది, అయినా సంతోషమే.

నాలుగోరోజు పట్టపగలు, వడుకుతూ పక్కనే కూర్చుని ఉండగా, గుడ్డ మెల్లగా కుంగడం మొదలెట్టింది. కింద నమిలే చప్పుడు. ఊపిరి కూడా తీసుకోకుండా, ఆత్రంగా, పొలమారుతూ నమిలే చప్పుడు. గుడ్డ అంచులు కమిలాయి. ఇంట్లో మాడిన వాసన కమ్ముకుంది. రొట్టె అయిపోయాక కూడా ఆ నమలడం ఆగలేదు.

హవీసా చేయి అలవాటు కొద్దీ పిండి కుండ మీదికి పోయింది. పోయి ఆగింది. లోకంలో ఉన్న పిండంతా కాల్చి పెట్టినా వీడి కడుపు నిండదు. తను కొడుకును ఇంట్లో ఉంచుకోలేదు, మంటల్లో కట్టేసి ఉంచింది. ఆ సంగతి తెలిశాక ఆమె తనను తాను తిట్టుకోని తిట్టు లేదు. మోకాళ్ళ మీద పడి జపం ఎత్తుకుంది. నానాటి రొట్టె ఇమ్మని దేవుణ్ణి అడిగే మాట దగ్గర తడబడింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుని, చివరిదాకా చెప్పింది.

నమలడం ఆగిపోయింది.

మర్నాడు రొట్టె కాల్చి గుడ్డ కప్పి ఎదురుగా కూర్చుంది. పొద్దు వాలేదాకా గుడ్డ కదల్లేదు. తీసి చూస్తే రొట్టె చెక్కుచెదరలేదు.

"ఒక్కసారి గిల్లరా" అంది. "కొట్టన్లే."

చాలాసేపు చూసి, ఆ రొట్టె మొత్తం తనే తింది.