ఓదెలు సన్నాయి ఉన్న క్యాసెట్

సిరిసిల్లలో మా వీధి నోరు మూసుకోవాలంటే కరెంటు పోవాలి. పొద్దున లేచింది మొదలు సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడే. మనుషుల మాటలు సగం నోటితో, సగం చేతులతో నడుస్తాయి. కరెంటు పోయిందా, ఒక్కో షెడ్డూ ఆగిపోతుంది. చివరి సాంచా రెండు దెబ్బలు కొట్టి తానూ నిలిచిపోతుంది. అప్పుడు పనివాళ్లు జుట్టుకు అంటిన దూదితోనే బయటికి వచ్చి మొగిలి చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చుంటారు. మొగిలి పొయ్యి మీద పాలు పెట్టి, రాజన్న దేవుడి పటం పక్కన బట్ట కప్పి ఉంచిన టేప్‌రికార్డర్ దించుతాడు. అది సెల్లులతో నడిచేది.

అందులోంచి సన్నాయి వినబడుతుంది. డోలు ఉండదు, పాట ఉండదు. ఒక్క సన్నాయి నెమ్మదిగా ఎటో పోతుంది, ఆగుతుంది, ఊపిరి తీసుకుంటుంది, పోయిన దారినే వెనక్కి వస్తుంది.

"మొగిలన్నా, పెండ్లికొడుకు ఇంక తయారు కాలేదానే?" అంటాడు సాంచాలు నడిపే కుమార్.

"నీ చాయ్ సల్లారుతది, తాగు."

"జెర సినిమా పాటలు పెట్టరాదే. పుణ్యముంటది."

"పెడుత. కరెంటొచ్చినంక పెడుత."

అందరూ నవ్వుతారు. కరెంటు వస్తే ఏ పాట పెట్టినా ఎవరికి వినబడుతుంది?

ఆ క్యాసెట్ సంగతి నాకు కొంత మొగిలి చెప్పాడు, కొంత అతని భార్య భూదేవి చెప్పింది.

మొగిలిది బోయినపల్లి పక్కన పల్లె. కల్లు గీసే ఇల్లు. పదహారో ఏట మోకు నడుముకు తగిలించుకుని తాడి ఎక్కడం మొదలుపెట్టాడు. ఆ ఊళ్లో ఓదెలు అనే సన్నాయి ఆయన ఉండేవాడు. పెళ్లిళ్లకు, రాజన్న కల్యాణానికి ఊదేవాడు. తెల్లవారుజామున లేచి సాధన చేసుకునేవాడు. ఇళ్ల మధ్య ఊదితే పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారని ఊరు దాటి చెలకలోకి పోయి, గట్టు మీద కూర్చునేవాడు. ఆ చెలక పక్కనే మొగిలి గీసే తాడిచెట్లు.

చెట్టు మీద ఉన్నవాడికి చుట్టూ ఇంకెవరూ ఉండరు. కింద ఆ సన్నాయి మొదలయ్యేసరికి మొగిలి చేతిలో కత్తి ఆగిపోయేది. లొట్టి నిండి కల్లు అంచుకు వచ్చినా చూసుకునేవాడు కాదు. "చెట్టు మీద పండుకున్నవార?" అని తండ్రి కింది నుంచి తిట్టేవాడు. పెళ్లయ్యాక భూదేవి కూడా అదే మాట అడిగేది. "అందరు దిగి ఇండ్లకు పోయిండ్రు. నువ్వు ఒక్కనివి పైన ఏం చేస్తవ్?"

చెప్పలేకపోయేవాడు. ఒకసారి ఒక స్నేహితుడికి చెబితే, "గది పాటనార? పాటకు ముందు గొంతు సాఫు చేసుకున్నట్టున్నది" అని నవ్వాడు. నిజమే. మొగిలికి నచ్చింది అదే. అదే ఓదెలు పెళ్లి పందిట్లో అందరూ మెచ్చే పాటలు ఊదుతుంటే మొగిలి లేచి బంతి భోజనానికి పోయేవాడు. ఎవరి చెవిలో దేవుడు ఏ తీపి పెట్టాడో అడిగి తెలుసుకునేది కాదు.

తర్వాత వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు కాదు, వరసగా మూడేళ్లు. బావులు అడుగంటాయి, తాళ్లు ఎండాయి. సిరిసిల్ల నేతగాళ్లు భీవండి దారి పట్టారు. కోరుట్ల, జగిత్యాల వైపు వాళ్లు గల్ఫ్ దారి పట్టారు. మొగిలి జగిత్యాలలో పాస్‌పోర్టు ఫోటో దిగి, ఆ చేత్తోనే ఒక కొత్త క్యాసెట్ కొన్నాడు. పక్కింటి భూమవ్వకు మస్కట్‌లో ఉన్న కొడుకు పంపిన టేప్‌రికార్డర్ ఉంది. దాన్ని అడిగి తీసుకుని, తెల్లవారుతుండగా చెలకలోకి పోయాడు.

ఓదెలు ఆ డబ్బా చూసి బిడియపడ్డాడు. "ఏ పాట ఊదుమంటవ్ కొడుకా?"

"పాట వద్దు తాతా. నువ్వు రోజు ఒక్కనివే ఊదుకునేది ఊదు."

"గది పాట కాదుర. దమ్ము కట్టుడు. గది ఎవలింటరు?"

"ఆరేండ్ల సంది నేను ఇంటున్న."

ముసలాయన తాడిచెట్ల వైపు చూశాడు. తర్వాత పైపంచె చెంగుతో సన్నాయి తుడిచి, రాజన్నకు దండం పెట్టుకుని అందుకున్నాడు. అరగంట, ఒక వైపు నిండేదాకా. మధ్యలో ఒకసారి మొగిలికి దగ్గు వచ్చింది. ఓదెలు ఆగి చూస్తే, "కానియ్ తాతా" అన్నాడు. అదీ క్యాసెట్లోకి ఎక్కింది.

దుబాయిలో గదికి ఎనిమిది మంది. అందరికీ కలిపి ఒకటే టేప్‌రికార్డర్. అది కోరుట్ల సామేలుది. వయసులో పెద్దవాడు. ముద్ద నోట్లో పెట్టేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. శుక్రవారం సెలవు నాడు మొగిలి క్యాసెట్ పెడితే గదంతా గోల. "పాముల్ని ఆడిపిస్తున్నవార?" అని ఒకడు, "ఎవల పెండ్లో, బువ్వ ఏడ పెడుతున్నరో అడుగు" అని ఇంకొకడు.

సామేలు వాళ్లను ఊరుకోమని, "నేను బట్టలు పిండుకునేదాక పెట్టుకో తమ్మీ" అనేవాడు. ఆ మాటన్న రోజున బట్టలు కావాలనే నెమ్మదిగా పిండేవాడని మొగిలి ఆలస్యంగా కనిపెట్టాడు. క్యాసెట్ రెండో వైపు ఖాళీగా ఉంటే, సామేలు అడిగి అందులో తన ప్రార్థన పాటలు ఎక్కించుకున్నాడు.

భూదేవికి చదువు రాదు. ఆ రోజుల్లో అలాంటి ఇళ్లకు ఉత్తరాలు క్యాసెట్లలోనే నడిచేవి. దుబాయి నుంచి సెలవు మీద వచ్చేవాళ్లు తెచ్చి ఇస్తే ఇంటివాళ్లు విని, ఆ మాటల మీదనే తమ మాటలు ఎక్కించి, తిరిగి పోయేవాళ్ల చేతికి ఇచ్చేవారు. పాత మాట చెరిగితేనే కొత్త మాటకు చోటు. అందరికీ అదే అలవాటు.

సామేలుకు నెల సెలవు దొరికింది. మొగిలి తన మాటల క్యాసెట్ అతనికి ఇచ్చి విమానం ఎక్కించాడు. తర్వాతి శుక్రవారం సన్నాయి విందామని, పక్క గదివాళ్ల టేప్‌రికార్డర్ అడిగి తెచ్చి మీట నొక్కితే, "భూదేవీ, మంచిగున్నవా? నేను మంచిగున్న" అని తన గొంతే వినబడింది.

రెండూ ఒకటే కంపెనీవి, ఒకటే నలుపు. గుర్తు పెట్టుకుందామనుకుంటూనే పెట్టలేదు. గదిలో వాళ్లు పడీపడీ నవ్వారు. మొగిలి మొహం చూశాక ఒక్కొక్కరే ఆపేశారు.

అతనికి అంతా కళ్లముందు కనబడింది. భూదేవి పెడుతుంది. మాట ఉండదు. పనికిరానిదని, మాటలు ఎక్కించే ఎర్రమీట నొక్కి, ఇంటి సంగతులన్నీ దాని మీదనే చెబుతుంది. ఊళ్లో ఫోను లేదు. "ఆ క్యాసెట్ చెరపకు" అని ఉత్తరం రాయించి వేశాడు గాని, అది ఎప్పుడు చేరుతుందో తెలియదు. నెలరోజులు పనిలో ఉన్నా, అన్నం దగ్గర ఉన్నా ఆ ఎర్రమీటే గుర్తుకొచ్చేది. ఓదెలుకు వయసు మీద పడింది. మళ్లీ ఎవరు ఊదాలి, ఎవరు ఎక్కించాలి?

సామేలు తిరిగి వచ్చాడు. భూదేవి బస్సెక్కి కోరుట్ల దాకా వచ్చి ఇచ్చిన మూట తెచ్చాడు. గుడ్డలో పెట్టి కుట్టిన మూట. కారప్పొడి, సకినాలు, వాటి మధ్య క్యాసెట్. దాని చిన్న అద్దం మీద కాటుకతో ఒక గీత గీసి ఉంది. ఆ గీత ఎందుకో మొగిలికి అర్థం కాలేదు. అతను ఆ గీతనే చూస్తుంటే సామేలే మీట నొక్కాడు.

సన్నాయి రాలేదు. భూదేవి గొంతు వచ్చింది.

"ఇగో, ఇంటున్నవా? నువ్వు పంపినదాంట్ల నీ మాట లేదు. ఏడనన్న ఉంటదేమో అని కడదాక ఇన్న. భూమవ్వత్త రెండుసార్లు పెట్టింది. ఒట్టి పిపీనే. ఒక్క కాడ నువ్వు దగ్గినవ్. గది నీ దగ్గే, నాకెరుకే. 'కానియ్ తాతా' అన్నవ్. గంతే. తాతా అన్నవంటే గది మన ఓదెలు తాతదే గదా. ఎట్ల చెప్పాలె నీకు. బతుకమ్మ పండుగకు ముందర తాత పోయిండు. నిద్రల్నే పోయిండు, కష్టపడలే."

తాతను సాగనంపిన సంగతి, ఊరి సంగతి, ఇంటి సంగతి చాలాసేపు చెప్పుకుంటూ పోయింది.

"గాయన పోయినంక గిది చెరుపుడు నాకు పాపమనిపిచ్చింది. ఇంకో దిక్కు పెడితే దేవుని పాటలున్నయ్. ఏ దేవునివైతేంది, వాటిమీద నా మాట పెట్ట మనసొప్పలే. సామేలన్న రేపు పోతున్నడు, ఇంకో క్యాసెట్ లేదు. గందుకే మొదట్ల కొంచెం తీసుకుంటున్న. నీ దగ్గు ఏడున్నదో చూసి కాటుక పెట్టిన. గాడికి రాకముందే ఆపుత. భూమవ్వత్త మీట మీద వేలు పెట్టుకొని కూసున్నది. నాకైతే గా పిపీ మంచిగనిపియ్యలే, అబద్ధమెందుకు. గని నువ్వు చెట్టు దిగక ఆలిస్యం చేసింది దీనికే అని ఇప్పుడెరుకైంది. బావిల జెరంత నీళ్లూరినయ్. మొన్న వాన పడ్డది. ఇది ఇన్నంక మళ్ల నాకే పంపు. నీ దగ్గు నాకు కావాలె."

మీట చప్పుడైంది. కొంచెంసేపు సన్నాయి. ఆ తర్వాత మొగిలి దగ్గాడు, "కానియ్ తాతా" అన్నాడు, ఓదెలు అందుకున్నాడు.

ఆ రోజు సామేలు బట్టలు పిండడానికి పోలేదు. చివరిదాకా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎంత పోయింది తమ్మీ?"

"మొదటి దిక్కు పన్నెండు నిమిషాలు పోయినట్టున్నదన్నా. మిగిలింది ఉన్నది."

"నాకు ఇప్పటికి నచ్చలే. గని ఇంకోపారి పెట్టు."

తర్వాతి శుక్రవారం మొగిలి బజారుకు పోయి దానికి నకలు తీయించుకున్నాడు. నకలు తన దగ్గర ఉంచుకుని, అసలుది భూదేవికి పంపాడు. చెరపకు అని రాయించిన ఉత్తరం మాత్రం సామేలు తిరిగి వచ్చిన అయిదు రోజులకు ఊరు చేరిందట.

తొమ్మిదేళ్లకు కంపెనీ మూతబడి మొగిలి తిరిగి వచ్చాడు. తాళ్లు లేవు. భూదేవి అన్న సిరిసిల్లలో ఉంటే ఇక్కడికి వచ్చి చాయ్ హోటల్ పెట్టుకున్నారు. మా వీధిలో సాంచాలు నెలల తరబడి ఆగిన గడ్డు రోజుల్లో, అడగకముందే చాయ్ పోసి చేతికి ఇచ్చిన ఇల్లు అది.

మొన్న కరెంటు పోయినప్పుడు నేనూ ఆ బల్ల మీదే ఉన్నాను. మొగిలి ఎప్పటిలాగే భూదేవి మాటలు దాటించి, సన్నాయి మొదలయ్యే చోటు నుంచి టేపు పెట్టాడు. దగ్గు వచ్చే చోటుకు ముందు భూదేవి పిండి చేతులతో లోపలి నుంచి వచ్చి గడప మీద నిలబడింది. దగ్గు వినబడింది. "కానియ్ తాతా" వినబడింది. ఆమె వెనక్కి తిరిగింది.

"అక్కా, నీకు గూడ నచ్చుతదా గీ పిపీ?" అన్నాడు కుమార్.

"నాకెందుకు నచ్చుతది పిలగా? గది ఆయనది."

"మరెందుకొచ్చినవ్?"

"నాది అయిపోయింది" అని లోపలికి పోయింది.

కుమార్ మొగిలి వైపు చూశాడు. మొగిలి చూడలేదు. గరిటె పట్టుకుని, పాలు పొంగుతున్నా వింటూ నిలబడ్డాడు. నేనే లేచి మంట తగ్గించాను. ఇంతలో సెల్లులు అయిపోవచ్చాయేమో, సన్నాయి బరువెక్కి, మూలిగి, ఆగిపోయింది.

మర్నాడు కరెంటు పోగానే కుమార్ అందరికంటే ముందు వచ్చి బల్ల మీద నాలుగు కొత్త సెల్లులు పెట్టాడు.

"నాకు నచ్చి కాదు మల్ల" అన్నాడు.

"నచ్చాలె అని ఎవలన్నరుర? కూసో" అన్నాడు మొగిలి, టేప్‌రికార్డర్ మీది బట్ట తీస్తూ.