జేజి చూపిన దూదిపింజ

నా టెలిస్కోపు మీద కప్పే దుప్పటికి ఇప్పటికీ గంజి వాసన వస్తుంది. ఎమ్మిగనూరులో నాన్న మగ్గం మీద చివరగా నేసిన దుప్పటి అది. వాసన పోతుందని ఉతకను. ఆదోనిలో మా మిద్దె మీద దాన్ని తీసిన ప్రతిసారీ జేజి, అంటే నాన్నవాళ్ల అమ్మ, గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

వాన మొహం చాటేసిన శ్రావణాల్లో, ఉరుకుంద ఈరన్న గుడికి పోయే బస్సుల హారన్లు వినబడుతుండగా, తెల్లవారకముందే వీధి పొడవునా మగ్గానికెక్కించే నిలువు పోగుల పడుగు సాచి గంజి పట్టించేవాళ్లు; పిల్లలం దాని కింద దూరి తిట్లు తిని, జేజి పక్కన చేరి బెల్లం కలిపిన బొరుగులు నమిలేవాళ్లం. తెగిన పోగులు వెతికి అతికే పని జేజిది. వెలుగొచ్చేదాకా ఆమె ఆకాశం చూస్తూ కూర్చునేది.

ఒకరోజు, "ఆ సుక్కల కాడ దూదిపింజ అంటుకోనుండాది సూడు పాపా," అంది. చూశాను. ఏమీ లేదు.

"నేరుగా సూస్తే యాడ కనపడతాది? తెగిన పోగును సూసినట్ల రవంత పక్కకు సూడు."

నా ధ్యాసంతా బొరుగుల మీదే. ఇంట్లోకి పరుగెత్తి, "నాయనా, జేజి కండ్లకు పొరొచ్చింది, ఏమీ లేనిసోట దూది సూపిస్తాంది," అని గొప్పగా చెప్పేశాను.

నేతగాళ్ల ఇంట్లో కంటి మీద అనుమానం వస్తే ఇక అంతే. నాన్న బయటికొచ్చి తలెత్తి చూశాడు. ఆయనకూ కనబడలేదు. "ఇంక పోగులు ముట్టొద్దమ్మా, పడుగు సెడిపోతాది," అన్నాడు.

జేజి చేతిలో పోగు వదిలి లేచింది. బతికినన్నాళ్లూ అరుగు మీద కూర్చుని, కొంగులోంచి దారాలు లాగి, తెంపి, మళ్లీ అతుకుతూ ఉండేది. ఆ అతుకులు ఎక్కడున్నాయో నా చిన్న కళ్లకు కూడా దొరికేవి కావు. అది తెలిసీ నేను నాన్నతో ఒక్క మాట చెప్పలేదు.

మొన్న శ్రావణంలో చిప్పగిరి వైపు చేను గట్టున టెలిస్కోపుకు కెమెరా బిగించి, ఆండ్రోమెడా గెలాక్సీని వందలసార్లు తీసి ఆ ఫోటోలన్నీ కలిపితే, నడిమి వెలుగు చుట్టూ సుడి తిరిగిన చేతులు బయటపడ్డాయి. జేజి చూపించిన చోటు అదే. తలెత్తి రవ్వంత పక్కకు చూశాను. ఉత్త కంటికే కనబడింది, దూదిపింజ.

ఎమ్మిగనూరు పోయి, ఫోటో చూపించి, నాన్నకు అంతా చెప్పాను. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని, "అయితే మాయమ్మ కండ్లు బాగుండెనా?" అన్నాడు.

ఇప్పుడు ఆ వీధిలో పడుగులు సాచేవాళ్లు లేరు. వీధి దీపాల వెలుగులో ఆ పింజ కూడా కనబడదు. నాన్న మాత్రం రోజూ తెల్లవారకముందే లేచి, వీధి నడుమ నిలబడి, రవ్వంత పక్కకు చూస్తున్నాడు.