బుచ్చయ్య చేసిన మాస్టోడాన్

బుచ్చయ్య అంటే నాకు ఇష్టం లేదు. వరసగా ఒంటిగది ఇళ్లున్న మా చాల్‌లో ఆయనంటే ఇష్టపడేవాళ్లు ఎవరూ లేరు. అందరూ కాకా అని పిలుస్తారు. అది గౌరవం కాదు, అలవాటు. పొద్దున కుళాయి దగ్గర వరసలో ఎవరి బకెట్ ముందుంటే దాన్ని కాలితో పక్కకు నెట్టి తన బిందె పెట్టుకునే మనిషి ఆయన.

ఆయన తాత పాలమూరు వైపు నుంచి ఈ మరాఠీ నగరానికి రాళ్లు మోయడానికి వచ్చాడు. తండ్రి సినిమా హాళ్ల గోడల మీద ప్లాస్టర్ పువ్వులు, తీగలు తీశాడు. బుచ్చయ్య ఆఫీసులకు ఫాల్స్ సీలింగులు బిగిస్తాడు. ఏడాదికోసారి మాత్రం మా గల్లీ వినాయకుణ్ణి చేస్తాడు. ఆ ముఖానికి తండ్రి తీసిన అచ్చు ఒకటి ఉంది. దాన్ని గోనెపట్టాలో చుట్టి మంచం కింద దాచుకుంటాడు. అడగకుండా ఆ అచ్చు బయటికి తీశాడని కన్నకొడుకునే ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. తల్లి పోయినప్పుడు ఆ కొడుకు వచ్చాడు. శ్మశానం నుంచే తిరిగి వెళ్లిపోయాడు.

మాకు వినాయకుడంటే ఆ అచ్చులో ముఖమే. ఉబ్బిన నుదురు, చేటంత చెవులు, కుడి బుగ్గ కంటే కాస్త లావైన ఎడమ బుగ్గ. ఆ బుగ్గ నిజానికి అచ్చులో ఉన్న లోపం. పుట్టినప్పటి నుంచి దాన్నే చూశాం కాబట్టి పక్క గల్లీల వినాయకులు మాకు ఎవరింటి చుట్టాల్లాగానో కనిపిస్తారు.

నిరుడు అతుల్ మా గణేశ్ మండలికి అధ్యక్షుడయ్యాడు. ఫాక్‌లాండ్ రోడ్‌లో మొబైల్ దుకాణం నడుపుతాడు. అలంకరణ పోటీలో బహుమతి కొట్టాలని ఒకటే పట్టుదల. మీటింగులో అందరి ముందే బుచ్చయ్యకు చెప్పేశాడు.

"కాకా, ఈసారి మూర్తి పేణ్ ఊరి కార్ఖానా నుంచి తెప్పిస్తున్నం. ఫైనల్ అయిపోయింది. నువ్వు డెకరేషన్ చెయ్. మంచుయుగం థీమ్. ఒక పెద్ద మాస్టోడాన్ కావాలె."

"గదేంది?"

"ఏనుగు లెక్కనే ఉంటది. పాతకాలం జంతువు. ఎప్పుడో ఖతమైపోయింది."

"ఖతమైనదాన్ని చెయ్యనీకి బుచ్చయ్య కావాలె. దేవుణ్ణి చెయ్యనీకి వద్దు."

"దిల్ పే మత్ లే కాకా, మనసుల పెట్టుకోకు. ఇన్నేండ్ల సంది నీ గణపతి గట్లనే ఉన్నడు."

"మరి ఏటికొక తీరు మారనీకి దేవుడేమన్న నీ దుకాణంల మొబైలా?"

కుర్రాళ్లు నవ్వారు. అయినా నిర్ణయం మారలేదు. గల్లీ దేవుణ్ణి చేసే పని తప్ప బుచ్చయ్యకు ఈ గల్లీలో వేరే విలువ లేదు. అది పోతే ఆయన కుళాయి దగ్గర కొట్లాడే ముసలాడు మాత్రమే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మాస్టోడాన్ ఎలా ఉంటుందో ఆయనకు చెప్పే పని నా మీద పడింది. ఫోరస్ రోడ్ పాత కాగితాల దుకాణంలో తూకానికి కొన్న పుస్తకాలు చదువుతానని అతుల్ నన్ను ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు అవే పుస్తకాలతో అవసరం పడింది. బొమ్మలున్న పుస్తకం పట్టుకుని బుచ్చయ్య గదికి వెళ్లాను.

"నెత్తి ఎవడో తొక్కినట్టుందేంది?" అన్నాడు బొమ్మ చూసి.

"గది గంతే కాకా. ఏనుగుకున్నట్టు ఉబ్బు ఉండొద్దు. నుదురు చదునుగ ఉండాలె, చెవులు చిన్నగ. ఒళ్లంత వెంట్రుకలు."

"తొండమున్నది కద. ఏనుగు తాతనా?"

"తాత కాదు, దూరపు చుట్టం. రెండు కోట్ల ఏండ్ల కన్న ముందే వేరుపడ్డయి. ఏనుగు గడ్డి నూరి తింటది, దీని పండ్లు గుబ్బలు గుబ్బలుగ ఉంటయి, కొమ్మలు నమిలేది. అమెరికా అడవులల్ల తిరిగింది."

"వేరుపడ్డంక చుట్టమేంది? నా కొడుకు లెక్కనా?" అని పుస్తకం లాక్కున్నాడు. "పో. పుస్తకం ఈడనే ఉండనీ."

మండపంలో టార్పాలిన్ కట్టుకుని పని మొదలుపెట్టాడు. వెదుళ్ల చట్రం మీద గోనె, దాని మీద ప్లాస్టర్, ఆపైన జనపనార వెంట్రుకలు. పొట్టి కాళ్లు, పొడుగాటి ఒళ్లు, వంకర తిరిగిన దంతాలు సరిగ్గా కుదిరాయి. తల మాత్రం నాకు చూపించలేదు. రోజూ అడిగాను, రోజూ తిట్టి పంపాడు.

చవితి నాడు పూజ అయ్యాక టార్పాలిన్ తీశారు. మాస్టోడాన్ ఒంటి మీద మా వినాయకుడి ముఖం ఉంది. అదే నుదురు, అవే చెవులు, లావైన ఆ ఎడమ బుగ్గ.

గల్లీ మొగలో పూలమ్మే రత్నాబాయి చెప్పులు విడిచి ముందుకొచ్చింది. "ఈడున్నవా నాయనా" అంటూ చేతిలో దండ దంతానికి వేసింది. ఆమె వెనకే మిగతా ఆడవాళ్లు వచ్చారు. కుంకుమ, పసుపు, ఊదుబత్తులు. పేణ్ నుంచి వచ్చిన కిరీటం దేవుడు వెనక ఒంటరిగా నిలబడ్డాడు.

"కాకా, ఇదేంది?" అన్నాడు అతుల్.

"మాస్టోడాన్."

"ముఖం?"

"నా తాన ఉన్నది ఒకటే అచ్చు."

సాయంత్రం పోటీ జడ్జీలు వస్తారు. అతుల్ కుర్రాళ్లకు సుత్తి ఇచ్చాడు. ఒక్కడూ కదల్లేదు. "ముట్టినోని చెయ్యి పడిపోతది" అంది రత్నాబాయి. అతుల్ నా వైపు తిరిగాడు.

"దేవుడు లేడంటవు కద. నువ్వు కొట్టు."

సుత్తి తీసుకున్నాను. ఆ తల తప్పని అక్కడున్న అందరికంటే నాకే బాగా తెలుసు. కానీ చిన్నప్పుడు ప్రతి పరీక్షకు ముందు దండం పెట్టుకున్న ముఖం అది. సుత్తి కింద పెట్టేశాను.

అప్పటిదాకా బుచ్చయ్య మెట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"నేను కొడ్త. వచ్చేటేడు మూర్తి ఎవరిదో ముందు చెప్పు."

"తర్వాత మాట్లాడుదం కాకా."

"జడ్జీలను గూడ తర్వాత రమ్మను."

"సరే, నీదే."

"గట్ల కాదు. కొబ్బరికాయ పట్టుకో. నీ పేణ్ దేవుని ముందల నిలబడి చెప్పు. నేను సచ్చేదాంక అని చెప్పు."

అతుల్ కొబ్బరికాయ పట్టుకుని, గల్లీ అంతా వింటుండగా చెప్పాడు. బుచ్చయ్య బీడీ నలిపేసి నిచ్చెన ఎక్కాడు. మొదటి దెబ్బ ఎడమ బుగ్గ మీదే వేశాడు.

"నీ చేతులకు పురుగులు పడ" అని ఏడ్చింది రత్నాబాయి.

"పూలు తీస్కపో, సున్నం పడితే ఖరాబైతయ్."

నుదురు పెళ్లలుగా ఊడి పడింది. దాని కింద పాత వార్తాపత్రికల పొర. అది చింపితే, లోపల నేను చూపించిన తల ఉంది. చదునైన నుదురు, చిన్న చెవులు, ఆరిన ప్లాస్టర్ మీద ముందే అంటించిన జనపనార. పుస్తకంలో బొమ్మకు ఎక్కడా తేడా లేదు. ఆడవాళ్ల దండాలు, అతుల్ తొందర, అన్నీ ముందే లెక్క వేసుకున్నాడు.

బుచ్చయ్య నిచ్చెన దిగి బట్టల మీది పొడి దులుపుకున్నాడు.

"సరిగ్గున్నదా, సద్వుకున్నోడా?"

ఉందన్నాను.

రత్నాబాయి దంతానికి వేసిన దండ తీసి పేణ్ దేవుడి మెడలో వేసింది. "వచ్చేటేడు నువ్వు చేసిన దేవునికి నా చేతితో ఒక్క పువ్వియ్య" అంది.

"ఇయ్యకు" అన్నాడు బుచ్చయ్య. "మూర్తి నాదే."

ముఖం పెళ్లల మీదుగా నడుచుకుంటూ గదికి వెళ్లిపోయాడు.