ఖాళీ లారీ మూలుగు

మా బావ లోడు బండి నడిపేటప్పుడు పెదవి విప్పేవాడు కాదు. ఖాళీ బండితో ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మాత్రం నోరు మూసుకునే ఏదో రాగం తీసేవాడు. అది పాటా కాదు, పద్యమూ కాదు. ముక్కులోంచి వచ్చే సన్నటి రొద. "దయ్యమోలె ఏం మూలుగుడు బావా?" అని ఆటపట్టిస్తే నవ్వేవాడు, మళ్లీ అదే మూలుగు.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో ఆయన గుండె ఆగి పోయాడు. జహీరాబాద్ దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది. అక్కకు కొడుకూ, ఆ లారీ మిగిలారు. ఏడాది తిరగకముందే ఆ కొడుకే, నా మేనల్లుడు, స్టీరింగు పట్టాడు. మొగుడంపల్లి చేలల్లో చెరకు ఎత్తి, ఫ్యాక్టరీలో దించి, ఖాళీగా వచ్చేవాడు. చెరకు కాలంలో మా వైపు లారీవాళ్లంతా చేసే పనే వాడూ చేశాడు. వెనక బరువు మోసే కమాన్ కట్టల్లో చెరో ఇనుప పట్టీ ఎక్కువ వేయించాడు. అలా వేస్తే ఎంత లోడైనా బండి వెనక కుంగదు.

ఆ వారం నుంచే అక్క పొద్దుగూకే వేళకు గడపలో నిలబడసాగింది.

"మీ బావ వస్తుండు తమ్మీ," అంది నాతో, బియ్యం కడుగుతున్న చెయ్యి ఆపి.

తిట్టబోయాను. అంతలో బొంబాయి రోడ్డు మలుపులో వినబడింది. అదే మూలుగు, అదే ముక్కు. నా ఒళ్లు జలదరించింది. లారీ వచ్చి ఆగింది. అల్లుడు దిగాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మామా, లోడుంటే సప్పుడు చెయ్యది. ఖాళీ అయితేనే గిట్ల. నాయిన పక్కకు కూసున్నట్టే ఉంటది."

రోడ్డు పక్కన నాకొక మెకానిక్ షెడ్డు ఉండేది. దయ్యాల మాటెత్తితే నాకు కోపం ముంచుకొస్తుంది. మర్నాడే బండి కిందికి దూరాను. ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు అందించే పొడుగాటి షాఫ్ట్‌కు రెండు కొసల్లో ఉండే కీళ్లు, క్రాసులంటాం, కొత్తవే, అప్పుడే అరిగి వదులయ్యాయి. నాకు దయ్యం భయం పోయి అసలు భయం పట్టుకుంది. పరుగు మీద ముందు కొస తెగి కింద పడిందంటే షాఫ్ట్ రోడ్డులోకి గుచ్చుకుంటుంది. లారీ పల్టీ కొడుతుంది. లోపల మా పోరడు ఉంటాడు.

వాలు కొలవడానికి తాపీ మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చాను. ఈ కొలత జాకీ మీద తీయకూడదు. చక్రాలు నేల మీద ఉండి, బండి తన బరువుతో తాను నిలబడాలి. షాఫ్ట్ ముందు కొస తగిలే గేర్‌బాక్స్ మూతీ, వెనక కొస తగిలే ఇరుసు హౌసింగ్ మూతీ ఒకే వాలులో ఉంటే షాఫ్ట్ కుదురుగా తిరుగుతుంది. పట్టీ ఎక్కువై, ఖాళీ బండి వెనక లేచి నిలబడేసరికి ఆ వాలు తప్పింది. లోడు పడితే కమాన్లు అణిగి మళ్లీ కుదురుతోంది. మూలుగు సంగతి ఇంతే.

క్రాసులు మార్చాను. హౌసింగుకూ కమాన్లకూ మధ్య, ఒకవైపు మందంగా ఇంకోవైపు పలచగా ఉండే ఇనుప ముక్కలు పెట్టి వాలు సరిచేశాను. ఆ సాయంత్రం లారీ చప్పుడు లేకుండా వచ్చింది. అల్లుడు నన్ను వాటేసుకున్నాడు.

అక్క గడపలోనే ఉంది.

"బండి వచ్చింది. ఆయన రాలే," అంది.

ఆమె తిండి మానేసింది. అదంతా వాలు తప్పడం వల్లేనని విడమరిచి చెప్పాను, అరిచాను కూడా. అక్క ఏడవలేదు.

"ఒక్కపారి వినిపియ్యి తమ్మీ. నాకు చెప్పకుంట పోయిండాయన."

అల్లుడు కోహీర్‌లో పెళ్లికి వెళ్లిన రోజు, నా తలకాయ ఏమైందో, ఆ ముక్కలు తీసేశాను. ఖాళీ లారీ నేనే నడుపుకుంటూ మలుపు తిరిగాను. కాళ్ల కింద మూలుగు మొదలైంది. గడప కనబడగానే బ్రేకు తొక్కాను. వేగం తగ్గితే మూలుగు ఆగిపోవాలి, అది లెక్క. ఆగలేదు. చక్రాలు నిలిచిపోయాయి, ఇంజన్ ఆపేశాను, పక్క సీటు వైపు నుంచి ఆ రాగం ఇంకా వస్తూనే ఉంది. తల తిప్పి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

అక్క కిందికి దిగి వచ్చి ఆ పక్క తలుపు మీద చెయ్యి పెట్టింది. రాగం ఆగింది.

"సాలు. పోయి ఆ ఇనుప ముక్కలు పెట్టు తమ్మీ," అంది. "రేపు పొద్దుగాల పోరడు నడపాలె."