అత్త ఎడమచేతి హోరు

తొండుపల్లిలో మా మేనత్త ఈ నెల మొదటి మంగళవారం పొద్దున చనిపోయింది. డయాలసిస్‌కు పోవాల్సిన రోజు. కట్టుకోవాల్సిన చీర మంచం మీదే ఉండిపోయింది.

నాలుగేళ్లు, వారానికి మూడుసార్లు, ఆమెను బండి మీద శంషాబాద్ సెంటర్‌కు తీసుకెళ్లాను. సూదుల కోసం ఆమె ఎడమచేతిలో రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే రక్తం హోరు జుమ్మని తగిలేది. "మన నెత్తి మీదికెళ్లి పొయ్యే విమానాలు ఈడికెళ్లే లేస్తున్నయ్ రా," అని నవ్వేది. సూదులు తీశాక దూది మీద పది నిమిషాలు అదిమి పట్టడం నా పని.

ఈ ఏడాది మెషిన్ మీద ఉండగానే ఆమెకు చలిజ్వరం రావడం మొదలైంది. అన్నం సహించలేదు. ఫ్యాక్టరీ మురుగు మీద కరపత్రాలు చదివి, పంచి తిరిగేవాణ్ణి నేను. మెషిన్‌లో నీళ్లే పాడయ్యాయని తేల్చేశాను. "పేదోళ్ల ఒంట్లకు మోరి నీళ్లు ఎక్కిస్తున్నరా?" అని అందరి ముందూ మెషిన్ నడిపే టెక్నీషియన్ మీద అరిచాను. అతను నీళ్లు పరీక్షకు పంపాడు. శుభ్రంగా ఉన్నాయని వచ్చింది.

డాక్టర్ విడమరిచి చెప్పారు. కిడ్నీలు పోయినవాళ్లకు పేగు గోడ కూడా దెబ్బతింటుందట. పేగులోని బ్యాక్టీరియా విషం కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగి, ఒళ్లును లోలోపలే రాజేస్తుందట. మెషిన్ దాన్ని సరిగా బయటికి లాగలేదట. అత్తకూ అదే అయ్యుండొచ్చన్నారు. నేను చదివిన కరపత్రాల్లో ప్రతి విషానికీ ఒక యజమాని ఉంటాడు. దీనికి లేడు.

"నా కడుపుల పుట్టిన విషానికి ఆ మెషిన్ పిలగాన్ని ఎందుకన్నవ్? పొయ్యి తప్పయిందని చెప్పు," అంది అత్త.

"చూద్దాం తియ్యి."

"నీకు కోపం జల్ది వస్తది, సిగ్గు ఆలస్యంగ వస్తది. నేనుండంగ చెప్పు బిడ్డా."

బండి దిగిన ప్రతిసారీ అడిగేది, "ఇయ్యాల చెప్తవా?" అని. నేను గేటు బయటే ఆగిపోయేవాణ్ణి. ఆమె దుప్పటి చంకన పెట్టుకుని ఒక్కతే లోపలికి నడిచేది. అప్పటి నుంచి దూది అదిమి పట్టింది ఆ టెక్నీషియనే.

దినాలు అయిన మర్నాడు వెళ్లాను. అత్త కుర్చీలో మామిడిపల్లి ముసలాయన ఒకరున్నారు. టెక్నీషియన్ సూదులు తీస్తున్నాడు.

"అన్నా, తప్పయింది. అత్త ఉండంగనే చెప్పాల్సింది."

అతను తల ఎత్తలేదు. "చేతులు కడుక్కొని గ్లౌజులు ఏసుకో తమ్మీ. ఈ పెద్దమనిషి తోటి ఎవ్వరు రాలే."

ముసలాయన చేతి మీద దూది అదిమి పట్టాను. పైనుంచి విమానం పోయింది. కిటికీ అద్దాలు కాసేపు వణికి ఆగాయి. నా వేళ్ల కింద హోరు ఆగలేదు.