ఆళ్ళగడ్డలో హుండీ కాగితాల కోసం

గుంతకల్లులో ఉదయం ఆరున్నరకు ప్యాసింజరు ఎక్కాను. నంద్యాలకు టికెట్టు నలభై అయిదు రూపాయలు. సంచిలో నీళ్ళ సీసా, నోట్‌బుక్కు, టేపు, భూతద్దం. శనివారం కాబట్టి జనం పలుచగా ఉన్నారు.

ఏ సామ్రాజ్యం తన సొమ్మును ఎలా తరలించిందో పోల్చి చూస్తూ తొమ్మిదేళ్ళుగా ఒక పుస్తకం రాస్తున్నాను. సోషల్ టీచరుగా రిటైరైన వారమే మొదలుపెట్టాను. రాసిన ప్రతి పేజీ చదివి తప్పులు పట్టిన మనిషి మా అక్క. ఆమె పోయి రెండేళ్ళయింది. అప్పటి నుంచి నేను రాసి నేనే చదువుకుంటున్నాను. ఇంకా ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. దానికి కావలసిన ఆధారం ఆళ్ళగడ్డలో ఒకరింట్లో ఉందని నా పాత శిష్యుడు ఫోన్ చేసి చెప్పాడు. వాడి భార్య తరఫు చుట్టాలట. పత్తి పండిస్తూ, పత్తి వ్యాపారం కూడా చేసిన పాత రైతు కుటుంబం. వాళ్ళింట్లో ఒక పెట్టె నిండా హుండీలు ఉండేవని విన్నాడట.

ఎదుటి సీట్లో బేతంచెర్ల రాళ్ళ గనిలో పనిచేసే ఒకాయన కూర్చున్నాడు. ఎందుకు పోతున్నావని అడిగితే చెప్పాను. హుండీ అనగానే గుళ్ళో పెట్టె అనుకున్నాడు. అది కాదు, ఒక ఊళ్ళో సొమ్ము కట్టి ఇంకో ఊళ్ళో తీసుకోవడానికి వ్యాపారులు రాసిచ్చే చీటీ అన్నాను.

“అయితే దుడ్లు యాడికీ పోవు. మాట ఒకటే పోతాదంటావ్,” అన్నాడు.

నేను నలభై పేజీల్లో చెప్పలేనిది ఆయన ఒక ముక్కలో చెప్పేశాడు. ఇంకాసేపు మాట్లాడాలని ఉంది గానీ, బేతంచెర్ల రాగానే టిఫిను క్యారియరు తీసుకుని దిగిపోయాడు. తర్వాత ఆ సీట్లోకి ఎవరూ రాలేదు.

నా వాదన ఇదీ. రోము బంగారం సరుకు కోసం సముద్రం దాటి ఇక్కడికి వచ్చింది. మన నేలలో దొరికిన ఆ నాణేలు కొన్నింటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా గాటు ఉంటుంది. నీ ముఖం మాకెందుకు, బంగారం చాలు అన్నట్టే నాకు తోస్తుంది. విజయనగరం చాలా సొమ్మును కదిలించనే లేదు. నాయకుడికి సీమ అప్పగించి, సైన్యాన్ని అక్కడే పోషించుకో, మాకు రావలసింది పంపు అంది. మొగలులు వెండి రూపాయలను బండ్లకెత్తి, ముందూ వెనకా కాపలా పెట్టి నడిపించారు. నమ్మకం తగ్గే కొద్దీ బండ్లు పెరుగుతాయి. ఈస్టిండియా కుంపిణీ కాలంలో ఈ సీమ సొమ్ము కాగితం మీద కూడా కదిలిందని చూపగలిగితే వాదన నిలబడుతుంది. లేదంటే తొమ్మిదేళ్ళ రాత ఒక రిటైర్డు టీచరమ్మ ఊహగా మిగిలిపోతుంది.

తొమ్మిదిన్నరకు నంద్యాల. స్టేషను బయట తోపుడుబండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాను. నలభై రూపాయలు. డబ్బు చేతిలో పెట్టబోతే బండి ఆమె స్కాన్ చెయ్యమని అట్ట చూపించింది. ఆటోకు ఇరవై ఇచ్చి బస్టాండు చేరాను. ఆళ్ళగడ్డ బస్సులో ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి కండక్టరు ఆధార్ చూసి నాకు సున్నా రూపాయల టికెట్టు కొట్టి ఇచ్చాడు. నా తరఫున ప్రభుత్వం ఎక్కడో కడుతుంది, నాకూ కనపడదు, ఆయనకూ కనపడదు. ఆ సంగతి ఎవరితోనైనా అనాలనిపించి పక్కకు చూశాను. పక్కనున్న అమ్మాయి చెవుల్లో తీగలు పెట్టుకుని నిద్రపోతోంది.

శిరివెళ్ళ దాటి, పదకొండున్నరకు ఆళ్ళగడ్డలో దిగాను. రోడ్డు పక్క షెడ్లలో శిల్పులు రాయి కొడుతున్నారు. ముక్కూ మొహం ఇంకా తేలని దేవుళ్ళు దుమ్ములో వరసగా నిలబడి ఉన్నారు. అడుగుతూ అడుగుతూ ఆ ఇల్లు పట్టుకున్నాను. ఎనభై దాటిన ముసలామె తలుపు తీసింది.

“ఒంటిగా వచ్చినావా?” అంది మొదటి మాటగా. అవునన్నాను. “నేనూ ఒంటిదాన్నే. రా, కూచో.”

వెడల్పాటి గంపలో ఉడకబెట్టిన శనక్కాయలు తెచ్చి ముందర పెట్టింది. తింటూనే పెట్టె సంగతి అడిగాను. పెట్టె ఉందట, అందులో ఇప్పుడు దుప్పట్లు ఉన్నాయట. మరి కాగితాలేవి అన్నాను.

“నీ ముందరే ఉండాయి గదా,” అని గంప చూపించింది. “మా అత్త ఒక ఎండాకాలం అన్నీ నానబోసి, మెంతులేసి, రోట్లో దంచింది. బోర్లించిన కుండ మీద మెత్తి ఆరబెడితే గంపలైనాయి. మంచి మందం కాగితం. అందుకే ఇన్నేండ్లు నిలబడినాయి.”

నాకు ఒళ్ళు మండిపోయింది. వాటి విలువేమిటో ఎవరికైనా తెలుసా అని బడిలో పిల్లలను గదమాయించినట్టే గదమాయించాను. ఆమె జంకలేదు.

“ఇచ్చేటోళ్ళు ఇచ్చినారు, తీసుకునేటోళ్ళు తీసుకున్యారు. పని అయిపాయ. ఇంక ఆ కాగితంతో ఏం పని?”

నిజమే. సొమ్ము ముట్టిన హుండీ చచ్చిన కాగితమే. ఆ మాట నేనే మూడో అధ్యాయంలో రాశాను. కోపం దిగాక సిగ్గేసింది. నోట్‌బుక్కు తీసి, దొరికిందైనా పట్టుకుందామని ప్రశ్నలు మొదలుపెట్టాను. ఆమె మామ పేరు, మామ తండ్రి పేరు, ఆయన తండ్రి పేరు, చీటీలు ఏ ఊరికి పోయేవి. బళ్ళారికి పోయేవని అత్త చెప్పగా విన్నదట. ఇంట్లో అలాంటి గంపలు ఆరున్నాయి. ఒకదాంట్లో చింతపండు, ఒకదాంట్లో ఎండుమిరపకాయలు. టేపు పెట్టి అన్నీ కొలిచాను. ఆమె నవ్వుతూ గంపలు ఖాళీ చేసి ఇచ్చింది.

వద్దంటున్నా జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని నా పేరడిగింది. సుగుణ అన్నాను. రెండున్నరకు లేచాను. వాకిట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“కాగితాల కోసం వచ్చినావు. అవి లేకపాయ. ఇంక రావు గదా, సుగుణా?”

బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను.

నంద్యాలలో అయిదు గంటల ప్యాసింజరు దొరికింది. టీ పది రూపాయలు. బండి కదిలాక నోట్‌బుక్కు తెరిచాను. ఆళ్ళగడ్డ వెళ్ళదలిచిన వాళ్ళు పొద్దున్నే బయలుదేరితే రాత్రి ఎనిమిదికల్లా హాయిగా ఇల్లు చేరవచ్చు. ఆడవాళ్ళకైతే ఖర్చు రెండు వందలు దాటదు. నా ఆఖరి అధ్యాయం ఎలా రాయాలో కూడా తేలిపోయింది. కాగితాలు లేవనే రాస్తాను, ఏమైపోయాయో రాస్తాను, గంపల గురించీ రాస్తాను. ఎవరు చెప్పగా తెలిసిందో పేజీ అడుగున రాయాలి కదా, అందుకని పేజీలు వెనక్కి తిప్పాను.

ఆ ఇంటి మగవాళ్ళ పేర్లు మూడు తరాలవి ఉన్నాయి. ఆరు గంపల కొలతలు అంగుళాలతో సహా ఉన్నాయి. ఆమె పేరు లేదు. దాదాపు మూడు గంటలు ఆమె ఇంట్లో కూర్చుని, ఆమె అన్నం తిని, పేరడగలేదు. అక్క పోయాక నన్ను సుగుణా అని పిలిచిన మనిషి ఆమె ఒక్కతే. మిగతా ఊరందరికీ నేను టీచరమ్మనే.

శిష్యుడికి ఫోన్ చేస్తే క్షణంలో చెబుతాడు. నంబరు తీశాను కూడా. నొక్కకుండా ఫోను మళ్ళీ సంచిలో వేసేశాను. పేజీ అడుగున ఆమె పేరుకు చోటు వదిలాను. వచ్చే శనివారం ఆరున్నర బండికి వెళ్ళి, ఆమెనే అడుగుతాను.