చేపకు పూసిన బంగారం

మా తోటికోడలిని వీధిలో అందరూ బంగారక్క అంటారు. ఒంటి మీద నగలుండి కాదు. కేకుల మీద పూసే బంగారు పొడి ఆవిడ చెవి వెనకో, ముక్కు మీదో, మోచేతి మడతలోనో ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. ఇద్దరిదీ ఒకటే దుకాణం, ఒకటే వంటగది. నోళ్లు మాత్రం వేరు. ఆవిడ నోట్లోంచి మాట ఊడిపడాలంటే ముహూర్తం చూసుకోవాలి. నా నోటికైతే మా ఆయన చెప్పినట్టు గడియే లేదు.

ఆవిడ పనితనం గురించి నాలాంటి దెబ్బలాటల మనిషే ఒప్పుకుంటోందంటే నమ్మండి. పొడిలో నాలుగు చుక్కల నిమ్మ ఎసెన్సు వేసి కలిపి, సన్నబ్రష్షుతో గీతలు గీస్తే చక్కెర ముద్ద కాస్తా బంగారు ఆకైపోతుంది. కానీ గీత గీయకముందు, కలిపిన రంగులోంచి ఒక చుక్క చెంచాలో తీసి నాలుక మీద వేసుకోవడం ఆవిడ అలవాటు. పదకొండేళ్లుగా చూస్తున్నాను.

"ఏమక్కా, ఉప్పు సరిపోయిందా?" అని నేను ఆటపట్టించని రోజు లేదు. నవ్వి ఊరుకునేది.

ఆ రోజు ఒక పాప ఏడో పుట్టినరోజుకు చేప కేకు చేసింది. రెండు వందల పొలుసులు, దేనికది విడిగా చేసి, బంగారు రంగు పూసి అతికించింది. మధ్యాహ్నం మూడింటికి బావగారితో కలిసి వ్యానులో తీసుకెళ్లింది. కేకు మీద కత్తి దిగేదాకా అక్కడినుంచి కదలదు, అదో పట్టింపు.

నేను అల్మర సర్దుతూ కూర్చున్నాను. పై అరలో బంగారు పొడి ప్యాకెట్ కనబడింది. సీలు కూడా తీయలేదు.

అక్క రంగు కలుపుకునే పొడి సీసాను ముందురోజు నింపింది నేనే కదా! మరి దేంతో నింపాను?

కింది అరలో ఇంకో ప్యాకెట్ నోరు తెరుచుకుని ఉంది. అద్దాల బీరువాలో పెట్టే థర్మోకోల్ ఉత్తుత్తి కేకుకు పూసేది. ముందువైపు ఇంత లావు అక్షరాలతో 'హానికరం కాదు' అని ఉంది. నేను చదివింది అంతవరకే. వెనక్కి తిప్పాను. చీమ తలకాయలంత అక్షరాలు: 'అలంకరణకు మాత్రమే. తినరాదు.' సింకు పక్కన చూస్తే సీసా కడిగి బోర్లించి ఉంది. అంటే పొడి అంతా చేప మీదికి వెళ్లిపోయిందన్నమాట.

అక్కకు ఫోను చేశాను. పిండి జల్లెడ కిందే మోగింది. బావగారిది స్విచ్చాఫ్. ఆయన ఫోను ఎప్పుడు పనిచేసింది గనక! ఆర్డరు చీటీ మీదున్న నంబరు మోగి మోగి ఆగిపోయింది. ఇరవైమంది పిల్లలున్న ఇంట్లో ఫోను ఎవరికి వినబడుతుంది? దుకాణం తలుపులు అలాగే వదిలేసి పరుగెత్తాను. నాలుగు వీధులు. ఒక్క పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరిగినా నేను బతికుండి ఏం లాభం అనుకుంటూనే పరుగెత్తాను. మూడో అంతస్తు ఎక్కేసరికి లోపల పాట పాడేస్తున్నారు.

పాప చేతిలో కత్తి ఉంది.

"ఆగండి! కొయ్యకండి!" అని అరిచాను.

పాట ఆగిపోయింది. గోడకు ఆనుకుని నిలబడ్డ అక్క కళ్లు పెద్దవి చేసింది. నేను ఇక ఎవరి మొహమూ చూడలేదు. "తప్పు నాదండీ. మా అక్కకేం తెలీదు. సీసాలో నేనే వేరే పొడి పోశాను. అది తినేది కాదు" అన్నాను.

"పిల్లలు తినేదాంట్లో ఏం కలిపారండీ మీరు!" అంటూ పాప తల్లి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. పాప పెదవి వణికింది.

అక్క నడిచి వచ్చి, చేప తోక దగ్గర ఒక పొలుసు ఊడదీసి నోట్లో వేసుకుంది.

"అక్కా! ఉమ్మెయ్యి!"

ఆవిడ నింపాదిగా నమిలి మింగింది. "మా చెల్లి చెప్పింది నిజమేనమ్మా. పొద్దున రంగు కలిపి నాలుక మీద వేసుకుంటే ఇసుకలా గరగరలాడింది, రాగి చెంబు నాకినట్టుంది. వెంటనే ఉమ్మేశా. సీసాలోదంతా చెత్తలో పోసేశా, బ్రష్షులు కూడా పారేశా. చేపకి పూసింది ఇదీ" అని తన చేతిపెట్టెలోంచి చిన్న డబ్బా తీసి ఆ తల్లికి ఇచ్చింది. "వెనక్కి తిప్పి కూడా చదవండి."

పాప తల్లి ముందూ వెనకా రెండుసార్లు చదివి, ఊపిరి వదిలింది. నేను మాత్రం బెలూన్ల మధ్య నేల మీద కూలబడి బావురుమన్నాను. సంతోషానికి అంత ఏడుపొస్తుందని నాకు తెలీదు.

"ఆంటీ, ఇప్పుడు కొయ్యొచ్చా?" అంది పాప. అందరూ నవ్వేశారు.

వ్యాను బావగారికి వదిలేసి ఇద్దరం నడిచి వస్తుంటే దారిలో నాకు కోపం పొంగుకొచ్చింది. "పొద్దున్నే ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే ఊరుకుంటావా? ముందు నా మీద ఎగురుతావు, తర్వాత నీ మీద నువ్వే ఎగురుతావు, అన్నం మానేస్తావు. కేకు ఇచ్చేసి వచ్చి తీరిగ్గా చెబుదామనుకున్నా."

కాస్త దూరం నడిచాక ఆవిడే అంది, "అంతమంది ముందు తప్పు నీదేనని చెప్పుకున్నావు చూడు, నాకు భలే సిగ్గేసింది. దాచడం నా తప్పే. ఇకనుంచి తెలిసిన నిమిషమే చెబుతా. నువ్వు ఎగిరితే ఎగురు."

మర్నాడు ఉత్తుత్తి కేకు పొడిని పట్టుకెళ్లి మేడ మీద గదిలో పెట్టి తాళం వేశాను. కిందికి వచ్చేసరికి అక్క రంగు కలిపి, చుక్క తీసిన చెంచా నోటి దగ్గర పెట్టుకుంటోంది. ఆవిడ మణికట్టు పట్టుకుని నా నాలుక చాపాను. ఒక్క క్షణం నా మొహం చూసి, ఆ చుక్క నా నాలుక మీద వేసింది. కాస్త నిమ్మ వాసన తప్ప ఏ రుచీ లేదు. చప్పగా, హాయిగా ఉంది.

"ఏమే, ఉప్పు సరిపోయిందా?" అంది.

"సరిపోయిందక్కా" అన్నాను.